పైనుంచి మూడో మెట్టు

పైనుంచి మూడో మెట్టు కిర్రుమంది. వచ్చేది ఇంటి మనిషి కాదని టైలరమ్మకు తెలిసిపోయింది.

ఆ మెట్టు చెక్క వదులై చాలా కాలమైంది. ఇంటివాళ్లెవరూ దాన్ని తొక్కరు. కాలు సాచి దాటేస్తారు. ఇంటివాళ్లంటే ఇప్పుడు ఇద్దరే. మేడ మీది గదిలో కుట్టుమిషనుతో టైలరమ్మ, కింది వాటాలో ఆమె ఆడబిడ్డ.

"అబ్బబ్బ! ఈ మెట్టు బాగు చేయించకూడదటమ్మా? ఏదో ఒకరోజు నా ప్రాణం తీస్తుంది," అంటూ మున్సిపల్ ఆఫీసు సూపరింటెండెంటు ఆయాసపడుతూ లోపలికొచ్చాడు. చంకలో గుడ్డల మూట.

"ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవారు మీరు. మీ ప్రాణానికేం కాదు లెండి," అంది టైలరమ్మ తలెత్తకుండా.

మూట బల్ల మీద పడింది.

"ఎప్పటి కొలతే. పన్నెండడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు. పోయినేడు అంత గాలి వీచినా మీ కుట్టు ఒక్క పోగు లేవలేదు. జెండా ఎగరేసే పెద్దాయన కూడా మెచ్చుకున్నారు. ఇవాళ సోమవారం. గురువారం జెండా పండుగ. బుధవారం పదింటికల్లా జెండా నా చేతిలో ఉండాలి. ఆపైన మీ ఇష్టం."

"ఇంక అందులో నా ఇష్టమేం మిగిలిందండీ?"

ఆయన పెద్దగా నవ్వాడు. తర్వాత ప్రతి ఏడూ చేసినట్టే గొంతు తగ్గించాడు. "ముందు వరుసలో కుర్చీ వేయిస్తానమ్మా. ఈసారైనా రండి. మీ ఆయన మా సిబ్బందిలో మనిషి. మీరు రాకపోతే వెలితిగా ఉంటుంది."

"నాకు స్టూలుందండీ."

సూపరింటెండెంటు స్టూలు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. దిగిపోయాడు. మెట్టు మళ్లీ కిర్రుమంది.

మామూలు రోజుల్లో టైలరమ్మ కిటికీకి వీపు పెట్టి కూర్చుంటుంది. కానీ పన్నెండడుగుల జెండా అంటే మాటలు కాదు. సూది కిందికి వెళ్లే కొసను లాగకుండా ఉండాలంటే గుడ్డ బరువంతా ఎడమవైపు మంచం మీద వాలాలి. అందుకోసం మిషను తిప్పాలి. తిప్పితే ఆమె మొహం కిటికీకి ఎదురవుతుంది. కిటికీకి ఎదురుగా, వీధికి అవతల, మున్సిపల్ ఆఫీసు గడియారం టవరు. టవరు నెత్తిన జెండా స్తంభం. ఏడాదిలో ఈ మూడు రోజులే ఆమె ఆ టవరును ఎదురుగా పెట్టుకుని కూర్చునేది.

గడియారం కింద జానెడు వెడల్పు అంచు ఒకటుంది. ఆ అంచు మీదినుంచే పడ్డాడు ఆమె భర్త. ఆరేళ్ల కిందట, జెండా పండుగకు ముందురోజు, దీపాల తోరణం కడుతూ. మర్నాడు పండుగ ఆగలేదు. జెండా కొసదాకా ఎగిరింది. ఆ జెండా కూడా ఆమె కుట్టిందే.

మిషను ఈడ్చి తిప్పింది. దారానికి మైనం పట్టించింది. బాబిన్లు ఆరు నింపి వరసగా పెట్టుకుంది. రంగు పట్టీల అంచులు ఒకదాన్లో ఒకటి మడిచి రెండు కుట్లు వేయాలి. ఒక్క కుట్టు వేసి చేతులు దులుపుకుంటే మొదటి గాలికే జెండా పేలికలవుతుంది. ఈ పని ఇంకెవరికైనా ఇమ్మని చెబుదామని ప్రతి ఏడూ అనుకుంటుంది. ఇంకెవరో ఒంటికుట్టు వేస్తే ఆ పట్టీలు విడిపోయి టవరు మీద వేలాడటం కళ్ల ముందు మెదులుతుంది. అంతే, దారం ఎక్కిస్తుంది.

సాయంత్రం ఆడబిడ్డ పైకొచ్చింది. ఆవిడ స్కూల్లో డ్రిల్లు టీచరు. మూడో మెట్టును కుర్రపిల్లలా గెంతి దాటింది. మెడలో విజిలు, రవిక మీద అప్పుడే పిన్నుతో గుచ్చిన కాగితపు జెండా.

"రెండొందలమంది పిల్లలొదినా! ఒక్కడికైనా ఎడమేదో కుడేదో తెలిస్తే ఒట్టు. గొంతు పోయింది నాకు. ఇదిగో, నీకూ ఒకటి." ఇంకో కాగితపు జెండా బల్ల మీద పెట్టింది.

"అక్కడ పెట్టు."

"పెట్టుకోవడానికిచ్చాను, పెట్టడానికి కాదు. ఈసారైనా రా ఒదినా. ప్రతి పండక్కీ జాతీయగీతం పాడుతున్నంతసేపూ తలుపేసుకుని మిషను తొక్కుతావు. వంట్లో బాగోక పోయినేడు కింద పడుకున్నాను కదా, టకటకా అంతా వినబడింది. లోకంలో పాటకి మిషనుతో తాళం వేసే మనిషివి నువ్వొక్కదానివే."

"బాగుందా తాళం?"

"ఏడిసినట్టుంది." ఆడబిడ్డ మంచం అంచున కూర్చుంది. "అన్నయ్యకి ఆ రోజంటే ప్రాణం. ముందురోజే బూట్లు పాలిష్ చేసుకునేవాడు. రేడియోలో పాట వస్తే ఈ గదిలో ఒక్కడూ కొయ్యబారి నిలబడేవాడు."

"నన్నూ నిలబెట్టేవాడు. పొయ్యి దగ్గరున్నా సరే. 'ఏయ్, నిలబడు!' అని ఒక్క కేక. గరిటె పట్టుకుని నిలబడేదాన్ని. అడుగంటిపోయేది."

ఇద్దరూ నవ్వారు.

"అన్నయ్య ఉండుంటే..." అంది ఆడబిడ్డ.

"బెల్టు పెట్టుకునుంటే ఉండేవాడు."

"మళ్లీ అదే మాట! ఆరేళ్లయింది ఒదినా."

"ఇచ్చిన బెల్టు నడుముకి తగిలించుకుంటే మీ అన్నయ్య సొమ్మేం పోయేది? ఆ కింద నిలబడ్డవాడు పెట్టుకోరా అని ఒక్క మాట అంటే వాడి సొమ్మేం పోయేది?"

మిషను సొరుగులో బాబిన్ల డబ్బా కింద ఒక కాగితం ఉంది. విచారణ కాగితం. అందులో ఒక వాక్యం ఇద్దరికీ కంఠతా వచ్చు. *భద్రతా బెల్టు అందజేసినప్పటికీ మృతుడు ధరించలేదు.* దాని కింద సాక్షి సంతకం. ఆ రోజు టవరు కింద తాడు పట్టుకుని నిలబడ్డ లైన్‌మన్‌ది.

మంగళవారం పదకొండు గంటలకు ఆ సాక్షే టవరు ఎక్కాడు.

సన్నగా, పొడుగ్గా ఉంటాడని ఆఫీసులో అందరూ అతన్ని నిచ్చెన అంటారు. భుజానికి దీపాల తోరణం, నడుముకి ఒక ప్లాస్టిక్ తాడు. ఆ తాడు రెండో కొస గడియారం పక్కన తుప్పు పట్టిన కొక్కేనికి ముడేశాడు. బెల్టు లేదు. అంచు మీద వీపు గోడకి ఆనించి, అడుగు పక్కన అడుగు వేస్తూ జరుగుతున్నాడు.

టైలరమ్మ పెడల్ ఆపలేదు. కళ్లు మాత్రం గుడ్డ మీదికి పోవడం లేదు. నిచ్చెన వంగి మేకుకి తీగ చుట్టాడు. ఒక కాలు గాల్లోకి లేచింది.

*పడనీ. అప్పుడు తెలుస్తుంది.*

ఆ మాట ఎవరన్నారో ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. టక్‌మని సూది విరిగింది. విరిగిన ముక్క ఎగిరి కిటికీ చువ్వకు తగిలి ఖంగుమంది. టైలరమ్మ లేచి వెళ్లి కుండీలో నీళ్లు తీసుకుని మొహం కడుక్కుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. తిరిగొచ్చేసరికి నిచ్చెన అంచు దాటి మెట్లవైపు చేరాడు. ఎదురుగా కిటికీలో ఆమెను చూశాడు. వెంటనే తల తిప్పుకున్నాడు. ఆరేళ్లుగా వీధిలో ఎదురైనా ఇదే వరస. ఆమె ఈ పక్కకి, అతను ఆ పక్కకి.

కొత్త సూది బిగించి దారం ఎక్కించింది.

మధ్యాహ్నం మూడు దాటాక మెట్టు కిర్రుమంది. సూపరింటెండెంటు. పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి.

"భేష్! ఇంక తాడు గొట్టం ఒక్కటేగా మిగిలింది?" జెండా పక్కన తాడు దూర్చడానికి కుట్టే కాన్వాసు పట్టీని తాడు గొట్టం అంటారు. అది లేకపోతే జెండా వట్టి దుప్పటి.

"అదొక్కటే." టైలరమ్మ ఆఖరి పట్టీ అంచు మడుస్తూ అడిగింది. "సూపరింటెండెంటు గారూ, పొద్దున ఆ మనిషి టవరు మీద బెల్టు లేకుండా పని చేశాడు. చూశారా?"

"ఎవరు, నిచ్చెనా? వాడికేం, కోతిలా ఎక్కుతాడు. అసలు పని రేపుందమ్మా. స్తంభం కొసన కప్పీకి కొత్త తాడు వేయాలి. అదీ వాడే."

"బెల్టులు లేవా మీ దగ్గర?"

ఆయనకు పౌరుషం వచ్చింది. "లేకపోవడమేమిటి! నాలుగున్నాయి. స్టోర్ బీరువాలో, నా తాళం కింద. వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇవాళ్టికీ ప్లాస్టిక్ కవరు విప్పలేదంటే నమ్మండి! వీళ్ల చేతికిస్తే రెండు నెలల్లో చింపి పోగులు పెడతారు. తనిఖీకి వచ్చినాయన అడిగితే ఏం చూపించను? పోయినసారి ఆయన మెచ్చుకున్నారు కూడా, ఇంత జాగ్రత్తగా వస్తువు ఉంచిన ఆఫీసు ఇంకోటి చూడలేదని."

టైలరమ్మ పెడల్ తొక్కుతూనే ఉంది. పట్టీ అయిపోయింది. గుడ్డ సూది కిందినుంచి జారి మంచం వైపు పోయింది. ఉత్త ఇనుము మీద సూది టకటకా కొట్టుకుంటూనే ఉంది.

"అమ్మా, గుడ్డ అయిపోయింది," అన్నాడు సూపరింటెండెంటు.

"ఎనిమిదేళ్లా?"

"అక్షరాలా ఎనిమిది. పైన అతికించిన చీటీ కూడా చెక్కు చెదరలేదు."

ఆయన వెళ్లిపోయాక టైలరమ్మ సొరుగు లాగింది. బాబిన్ల డబ్బా ఎత్తింది. కాగితం తీసి, తెలిసిన వాక్యాన్నే తెలియనట్టు వేలు పెట్టి చదివింది. *అందజేసినప్పటికీ.* ఎనిమిదేళ్లలో ఎవరూ కవరు విప్పని బెల్టును ఆరేళ్ల కిందట ఎవరు అందజేశారు?

ఇవ్వలేదు. ఇవ్వనే లేదు.

మిషను కింద, పెడల్ పక్కన, భర్త బూట్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఈ ఆరేళ్లలో వాటితో ఎన్ని మాటలందో ఆమెకే తెలుసు. మొండి మనిషివి అంది. నీ పంతం నీది, నా గతి నీకెందుకు అంది. పండుగ నాడు పాట మొదలవగానే మరీ కసిగా తొక్కేది. ఆ పాట వింటే ఆయన వచ్చి నిలబడతాడేమోనని, వచ్చినా ఆయన మొహం చూడకూడదని. ఇప్పుడు వంగి ఒక బూటు చేతిలోకి తీసుకుంది. కొంగుతో దుమ్ము తుడిచింది. రెండోదీ తుడిచింది. చీకటి పడుతున్నా లేచి దీపం వేయలేదు.

బుధవారం తెల్లవారేసరికే ఆమె తాడు గొట్టం కుట్టేసింది. జెండా పూర్తయింది. నాలుగు మడతలు పెట్టింది. తొమ్మిదిన్నరకు కిటికీలోంచి చూస్తే టవరు కింద నిచ్చెన కనబడ్డాడు. భుజం మీద కొత్త తాడు చుట్ట. నడుముకి అదే ప్లాస్టిక్ తాడు. బీడీ కాలుస్తూ తల వెనక్కి వంచి స్తంభం కొసను చూస్తున్నాడు. ఎక్కాల్సిన మనిషి అంతసేపు చూడకూడదు. ఆయన కూడా ఆ రోజు అలాగే చూశాడు. అప్పుడామె ఇదే కిటికీలోంచి చూసి, గడియారంలో టైము చూస్తున్నాడనుకుంది.

టైలరమ్మ జెండా మడత విప్పింది. బ్లేడు తీసింది. తాడు గొట్టం మీద రెండు వరసల కుట్టూ ఒక్కో పోగే తెంపుకుంటూ పోయింది.

పదయింది. మెట్టు కిర్రుమంది. సూపరింటెండెంటు. ఆయన వెనకాలే ఆడబిడ్డ కూడా, మెట్టు దాటి, పైకొచ్చింది. స్కూలు పిల్లల వరసలు ఎక్కడ నిలబెట్టాలో ఆయన్నే అడగాలని దారి కాచింది.

"ఏదమ్మా జెండా? టవరు దగ్గర అందరూ ఎదురుచూస్తున్నారు."

"బల్ల మీదుంది."

ఆయన ఎత్తాడు. కాన్వాసు పట్టీ ఊడి నేల మీద పడింది.

"ఇదేంటి! తాడు గొట్టం ఏదీ?"

"విప్పేశాను."

"విప్పేశారా! ఎందుకు?"

"మళ్లీ కుట్టడానికి పావుగంట పడుతుంది. ఆ కింద నిలబడ్డ మనిషికి బెల్టు తగిలించడానికీ పావుగంటే. మీరక్కడ మొదలుపెట్టించండి. నేనిక్కడ మొదలుపెడతాను."

సూపరింటెండెంటు మొహంలో రంగులు మారాయి. "మీకేమైనా మతి పోయిందా అమ్మా? ఇది జెండా. మీ ఇంట్లో లంగా కాదు. రేపు పండుగ పెట్టుకుని జెండాతో బేరమా? దేశమంటే గౌరవం ఉండక్కర్లేదా మనిషికి?"

"బట్టకి రెండు కుట్లు వేశాను కదండీ. మనిషికి ఒక్క బెల్టు వేయమంటున్నాను."

"ఒదినా..." అంది ఆడబిడ్డ. రవిక మీది కాగితపు జెండాను చేత్తో కప్పుకుని నిలబడింది. "అది పెద్ద జెండా ఒదినా. దాంతో ఆటలాడకు."

"బీరువాలో నాలుగు బెల్టులున్నాయటే. వచ్చి ఎనిమిదేళ్లట. కవరు కూడా విప్పలేదట. ఈయనే చెప్పారు, నిన్న, ఇక్కడే నిలబడి."

ఆడబిడ్డ వేళ్లు మడిచింది. ఎనిమిది. ఆరు. ఆవిడ డ్రిల్లు టీచరే కావచ్చు గానీ లెక్కలో తప్పే మనిషి కాదు.

"ఇటివ్వండి. ఎవడో ఒకడి చేత రెండు టాకాలు వేయిస్తాను," అంటూ సూపరింటెండెంటు జెండా ఉండగా చుట్టబోయాడు.

గది దద్దరిల్లేలా విజిలు మోగింది.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆడబిడ్డ వచ్చి, ఆయన చేతుల్లోంచి జెండా తీసుకుని, అంచులు కలిపి పద్ధతిగా మడిచి, ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. "జెండాని అలా ఉండ చుట్టకూడదండీ. మా ఒకటో తరగతి పిల్లలక్కూడా తెలుసు," అంది. "వెళ్లి బీరువా తెరవండి. రెండొందలమంది పిల్లలు రేపు ఆ స్తంభం కిందే నిలబడాలి. పైనుంచి మనిషి పడితే నేనెవర్ని పక్కకి జరపను?"

సూపరింటెండెంటు ఇద్దరి వంకా చూశాడు. జేబులో తాళంచెవి గలగలమంది. మెట్లు దిగేటప్పుడు మూడో మెట్టు కిర్రుమనడమే కాదు, విరిగినంత పనైంది.

పది నిమిషాలకు టవరు కింద జనం గుమిగూడారు. బెల్టయితే వచ్చింది గానీ ఎలా పెట్టుకోవాలో ఒక్కరికీ తెలియదు. ఒకడు దాన్ని నిచ్చెన మెడలో వేశాడు. ఇంకొకడు కాళ్లకు తగిలించాడు. నిచ్చెన జీను వేయించుకుంటున్న గుర్రంలా చేతులెత్తి నిలబడ్డాడు. చివరికి కొక్కెం నడుము దగ్గర టక్‌మని పడింది. విప్పిన ప్లాస్టిక్ కవరు గాలికి లేచి రోడ్డు మీదికి దొర్లింది. నిచ్చెన నాలుగంగల్లో వెళ్లి దాన్ని కాలితో తొక్కి పట్టుకున్నాడు.

టైలరమ్మ బాబిను మార్చింది. పావుగంట అంది గానీ పన్నెండు నిమిషాల్లో ముగించింది. ఆఖరి కుట్టు వేసి తలెత్తేసరికి స్తంభం కొసన నిచ్చెన కప్పీలో తాడు దూరుస్తున్నాడు. రెండు చేతులూ వదిలేసి.

గురువారం. ఏడు గంటలకు మెట్టు కిర్రుమంది.

నిచ్చెన గుమ్మం దగ్గరే ఆగాడు. ఉతికిన యూనిఫారం, తడి ఆరని జుట్టు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ప్లాస్టిక్ కవరు.

"అక్కా," అన్నాడు.

"అక్కా అనకు."

కవరు బల్ల మీద పెట్టి మడత విప్పాడు. పైన ఒక చీటీ అతికించి ఉంది. వస్తువు పేరు, సంఖ్య, ఎనిమిదేళ్ల కిందటి తేదీతో ఆఫీసు ముద్ర. "ఇది మీ దగ్గరుండాలి. ఆ కాగితం మీద సంతకం నాదే."

"చదవకుండా పెట్టావా?"

అబద్ధం చెప్పడానికి ఆమె దారి ఇచ్చింది. అతను తీసుకోలేదు.

"చదివే పెట్టానమ్మా. పోయినవాడు ఎలాగూ రాడు, ఉన్నవాడివి నీ సంగతి చూసుకో అన్నారు ఆఫీసులో. చూసుకున్నాను."

కింద ఆడబిడ్డ విజిలు వేస్తూ పిల్లల్ని వరసలో నడిపిస్తున్న చప్పుడు. టైలరమ్మ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. దాన్ని అడగడానికి ఆమె కత్తెర పట్టుకోవాల్సి వచ్చింది.

"ఆయన బెల్టు అడిగాడా?"

"అడిగాడు. ఆ పొద్దున రెండుసార్లు. తాళం లేదు, రేపు చూద్దామన్నారు. 'మన కోసం పండుగ ఆగదు కదరా' అని నవ్వి ఎక్కాడు."

నిచ్చెన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడు నాతో అన్నదంతా కాగితం మీద రాసిస్తావా?"

"రాసిస్తాను."

"కూర్చో."

అంతలో వీధిలో మైకు అతన్ని పిలిచింది. తాడు దగ్గరికి రమ్మని. పెద్దాయన కారు వచ్చేసిందట.

"జెండా ఎగరగానే వస్తానమ్మా."

"ఆ రోజూ కబురు చెప్పడానికి నువ్వే వచ్చావు. మళ్లీ వస్తానక్కా అని ఈ మెట్లే దిగావు."

నిచ్చెన ఒక్కసారి బల్ల మీది కవరు వంక చూశాడు. దిగి వెళ్లిపోయాడు.

టైలరమ్మ బల్ల పక్కన కుర్చీ వేసింది. తెల్లకాగితాలు పెట్టింది. పక్కన పెన్ను. రాస్తుందో లేదోనని గోటి మీద గీసి చూసింది. పని అలవాటు మీద మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. వీధంతా ఖాళీ. ఎవరి ఇంట్లోనూ అలికిడి లేదు, జనమంతా ఆఫీసు ముందే ఉన్నారు. కిటికీలోంచి స్తంభం కొసదాకా కనబడుతోంది. జెండా ముడుచుకుని పైకి పాకింది. కొసన ఒక్క క్షణం ఆగింది. విచ్చుకుంది. గాలి దాన్ని అటూ ఇటూ విదిల్చింది. కుట్టు కదల్లేదు.

పాట మొదలైంది.

కాలు తనంతట తానే పెడల్ మీదికి వెళ్లింది. చక్రం సగం తిరిగింది. ఆమె ఆపేసింది. మిషను తొక్కితే మెట్ల మీద అడుగులు వినబడవు.

ఆరేళ్ల తర్వాత పాట అడ్డం లేకుండా గదిలోకి వచ్చింది. చువ్వల సందుల్లోంచి, తలుపు కిందినుంచి, గదంతా. చెవులు మూసుకోవడానికి లేదు. చెవులు మెట్ల దగ్గరున్నాయి. పాట సగానికి వచ్చింది. పొయ్యి దగ్గరున్నప్పుడు వినబడే ఆ కేక ఎప్పుడొస్తుందో ఆమెకు తెలుసు. వచ్చింది. *ఏయ్, నిలబడు!*

"ఆఁ, నిలబడ్డానులే," అంది టైలరమ్మ లేచి. చేతిలో కత్తెర అలాగే ఉంది. "బెల్టు అడిగావటగా. రెండుసార్లు అడిగావట. నాకెవరూ చెప్పలేదు."

పాట అయిపోయింది. చప్పట్లు కొట్టారు. మైకులో పెద్దాయన ప్రసంగం మొదలైంది, ముగిసింది. మిఠాయి పంచుతున్నారు, వరస తప్పొద్దని ఆడబిడ్డ విజిలు మీద విజిలు వేస్తోంది. జనం విడిపోతున్న సందడి వీధిలోకొచ్చి, పలచబడి, పోయింది. గడియారం తొమ్మిది కొట్టింది. టైలరమ్మ ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడు కిటికీ వైపు కాదు, తలుపు వైపు.

తొమ్మిదీ పది.

కింద గేటు చప్పుడైంది. మెట్ల మీద అడుగులు. ఆడబిడ్డ అడుగుల్లా గబగబా లేవు. ఒకటి పడి, ఆగి, ఇంకొకటి పడుతున్నాయి. సగం దాకా వచ్చి పూర్తిగా ఆగిపోయాయి. గోడ మీద చెయ్యి రాసుకున్న శబ్దం. మళ్లీ కదిలాయి.

పైనుంచి మూడో మెట్టు కిర్రుమంది.